పదో గడిలో అబద్ధం చెల్లదు

కర్నూలు నుంచి నంద్యాల వైపు బస్సులో వెళ్లేవాళ్లకు ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం బోర్డు కొత్తేమీ కాదు. 2021 మార్చి 25న దాన్ని ప్రారంభించారు. మూడు రోజులకే, మార్చి 28న, ఇండిగో విమానాలు బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు మొదలయ్యాయి. కడపలో అంతకు ఆరేళ్ల ముందే, 2015 జూన్ 7న, ప్రయాణికుల సర్వీసు మొదలైంది. రన్‌వేలు వచ్చాయి సరే, వాటివల్ల మాకేం ఉద్యోగం వస్తుంది అని మీలో చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

విమానయానం అనగానే మనకు పైలట్, ఎయిర్ హోస్టెస్, లేదంటే లగేజీ కౌంటర్ గుర్తొస్తాయి. వీటి వెనక ఉండే ఒక కాగితం గురించి ఎవరూ చెప్పరు. దాని పేరు ఫ్లైట్ ప్లాన్. షెడ్యూల్డ్ విమానం ఏదీ అది లేకుండా కదలదు. దాన్ని తయారుచేసేవాళ్లు, సరిచూసేవాళ్లు, దాని మీద ఆధారపడి విమానాలను నడిపించేవాళ్లు అందరూ ఉద్యోగులే. వాళ్లలో చాలామంది మీలాగే మామూలు బీఎస్సీ, బీటెక్ చదివినవాళ్లే. ఈ వారం ఆ కాగితంలోని రెండు గడుల గురించి మాట్లాడుకుందాం. ఉద్యోగం కోసమే కాదు, మీ రెజ్యూమె కోసం కూడా.

తొమ్మిదో గడి: వచ్చేది ఎవరు?

ప్రపంచమంతా వాడే ఫ్లైట్ ప్లాన్ నమూనా ఒక్కటే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, దాన్ని రూపొందించింది. అందులో ప్రతి సమాచారానికీ ఒక నంబరు గడి ఉంటుంది. ఏడో గడిలో విమానం గుర్తింపు, పదమూడులో బయలుదేరే చోటు, సమయం, పదిహేనులో వేగం, ఎత్తు, దారి, పదహారులో దిగే చోటు రాస్తారు. ఊళ్లకూ నాలుగక్షరాల కోడ్‌లే. మీ టికెట్ మీద కర్నూలుకు కేజేబీ అని ఉంటుంది. ఫ్లైట్ ప్లాన్‌లో మాత్రం వీఓకేయూ. టికెట్ మీద సీడీపీగా ఉండే కడప ఇక్కడ వీఓసీపీ అవుతుంది. మొదటి రెండక్షరాలు వీఓ అంటే దక్షిణ భారతం అన్నమాట. హైదరాబాద్ వీఓహెచ్ఎస్, బెంగళూరు వీఓబీఎల్, చెన్నై వీఓఎంఎం. సమయం కూడా మన గడియారం ప్రకారం రాయరు. కర్నూలులో ఉదయం పది గంటలకు బయలుదేరే విమానానికి 0430 అని రాస్తారు, ఎందుకంటే ప్రపంచ సమయం మనకంటే ఐదున్నర గంటలు వెనక.

తొమ్మిదో గడిలో విమానం రకం ఉంటుంది. ఓర్వకల్లుకు సర్వీసులు మొదలైన ఏటీఆర్ 72-600 విమానానికి కోడ్ ఏటీ76. అదే కుటుంబంలోని 72-500 అయితే ఏటీ75. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, కోడ్ మాత్రం వేరు. ఎయిర్‌బస్ ఏ320 పాత రకానికి ఏ320 అనే రాస్తారు, నియో రకానికి ఏ20ఎన్. బోయింగ్ 737-800కి బీ738. శిక్షణకు వాడే చిన్న సెస్నా 172కి సీ172. ఈ కోడ్‌లన్నీ ఐకావో డాక్ 8643 అనే పత్రంలో ఉంటాయి. దాన్ని ఐకావో వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, పైసా కట్టక్కర్లేదు.

కోడ్ పక్కన గీత గీసి ఇంకో అక్షరం రాస్తారు. అది విమానం బరువును బట్టి వస్తుంది. గరిష్ఠ బరువు 7 టన్నుల వరకు ఉంటే ఎల్, అంతకు మించి 136 టన్నుల లోపు ఉంటే ఎం, 136 టన్నులు, ఆ పైన ఉంటే హెచ్. అతిపెద్ద ఏ380కి మాత్రం జే. బరువుతో కంట్రోలర్‌కు ఏం పని అంటారా? పెద్ద విమానం వెళ్లిన దారిలో గాలి సుడులు తిరుగుతుంది. వెనకే వచ్చే చిన్న విమానం ఆ సుడిలో పడితే తిరగబడే ప్రమాదం ఉంది. అందుకని ఇద్దరి మధ్యా వ్యవధి ఇస్తారు. ఫ్లయింగ్ శిక్షణ సంస్థల కోసం 2022లో ఏఏఐ ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. అలాంటి చోట 23 టన్నుల ఏటీఆర్ వెనక టన్నుకు కాస్త అటూఇటూ బరువుండే సెస్నా దిగాల్సి వచ్చిందనుకోండి. ఎం, ఎల్ అనే రెండక్షరాలే కంట్రోలర్‌కు జాగ్రత్త చెబుతాయి.

జాబితాలో లేని రకం అయితే ఏం చేస్తారు? తొమ్మిదో గడిలో నాలుగు జెడ్‌లు రాసి, అసలు పేరు పద్దెనిమిదో గడిలో విడమరిచి చెబుతారు. కోడ్ లేని ఊరి మైదానంలో దిగే హెలికాప్టర్‌కైనా ఇదే పద్ధతి. తెలియని దాన్ని తెలిసినట్టు నింపరు. ఫలానా చోట వివరం ఉంది చూడండి అని చెబుతారు.

పదో గడి: నీ దగ్గర ఏముంది?

అసలు సంగతి ఇక్కడుంది. పదో గడిలో విమానం తన దగ్గర ఏయే పరికరాలున్నాయో, తాను ఏమేం చేయగలదో చెప్పుకోవాలి. మన రెజ్యూమెలో స్కిల్స్ అని రాసుకునే భాగం లాంటిదే ఇది.

ఉదాహరణకు ఒక ఏటీఆర్ ప్లాన్‌లో ఎస్, డీ, ఎఫ్, జీ, ఆర్, వై అని వరసగా ఉండి, గీత తర్వాత మళ్లీ ఎస్ అని ఉందనుకుందాం. మొదటి ఎస్ అంటే మామూలుగా ఉండాల్సిన సామగ్రి: వీహెచ్ఎఫ్ రేడియో, దిశ చెప్పే వీఓఆర్, దిగేటప్పుడు దారి చూపే ఐఎల్ఎస్. డీ అంటే దూరం కొలిచే డీఎంఈ. ఎఫ్ అంటే ఏడీఎఫ్. జీ అంటే ఉపగ్రహాల సాయంతో దారి తెలుసుకునే సౌకర్యం. వై అంటే 8.33 కిలోహెర్ట్జ్ సందులున్న చానళ్లలో మాట్లాడగల రేడియో. ఆర్ అంటే, ఇంత కచ్చితత్వంతో నిర్ణీత దారి పట్టి ఎగరగలను అనే అనుమతి. గీత తర్వాతి ఎస్ ట్రాన్స్‌పాండర్ గురించి. మోడ్ ఎస్ రకం ఉంది, విమానం గుర్తింపుతో పాటు ఎత్తును కూడా నేల మీది రాడార్‌కు చెప్పగలదని దానర్థం. ఒకే అక్షరానికి గీతకు ఈ పక్క ఒక అర్థం, ఆ పక్క ఇంకో అర్థం. బట్టీ పట్టినవాడు తడబడేది ఇక్కడే.

ఇంకో మెలిక కూడా ఉంది. 2012 నవంబర్ 15కు ముందు ఎస్‌లో ఏడీఎఫ్ కూడా కలిసి ఉండేది. ఆ రోజు నుంచి నిబంధన మారింది. ఇప్పుడు ఏడీఎఫ్ ఉంటే ఎఫ్ అని విడిగా రాయాల్సిందే. సీనియర్ ఇచ్చిన పాత నోట్సు నమ్ముకుంటే ఈ ఒక్క అక్షరం దగ్గరే తప్పులో కాలేస్తారు. ఏ పరీక్షకైనా ఏ ఏడాది పుస్తకం చదువుతున్నామో ముందు చూసుకోవాలని చెప్పేది ఇందుకే.

డబ్ల్యూ అనే అక్షరం చూడండి. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య ఒకప్పుడు పైనా కిందా ఎగిరే విమానాల మధ్య 2,000 అడుగుల ఎడం ఉండేది. 2003 నవంబర్ 27 నుంచి మన దేశంలో దాన్ని 1,000 అడుగులకు తగ్గించారు. అంత దగ్గరగా ఎగరాలంటే ఎత్తు కొలిచే పరికరాలు కచ్చితంగా ఉండాలి, దానికి అనుమతీ ఉండాలి. ఆ అనుమతి ఉందని చెప్పేదే డబ్ల్యూ. మన ఏటీఆర్ 25,000 అడుగులు దాటి ఎగిరేది కాదు. కాబట్టి ఏటీ76 పక్కన డబ్ల్యూ కనపడితే, పని తెలిసిన ఉద్యోగి అక్కడే ఆగి, ఇదెందుకొచ్చింది అని అడుగుతాడు. జీతం ఇచ్చేది ఆ ప్రశ్నకే. కోడ్‌లను కంప్యూటర్ కూడా నింపుతుంది. ఏదో తేడాగా ఉందే అని గుర్తుపట్టడానికి మాత్రం మనిషి కావాలి.

అక్షరం వెనక ప్రాణాలు

ఒక అక్షరంలో ఏముందిలే అనిపిస్తే 1996 నవంబర్ 12 సాయంత్రాన్ని గుర్తుచేసుకోవాలి. ఢిల్లీ నుంచి పైకి లేస్తున్న సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్థాన్ ఇల్యూషిన్ 76 హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. ఒకరిని 14,000 అడుగుల దగ్గర, ఇంకొకరిని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. ఇల్యూషిన్ తనకు చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. అప్పుడు ఢిల్లీ కంట్రోలర్ తెర మీద విమానం ఎక్కడుందో కనపడేది కానీ, ఎంత ఎత్తులో ఉందో కనపడేది కాదు. పైలట్ నోటిమాటే ఆధారం. పదో గడిలో గీత తర్వాత వచ్చే అక్షరాలు, వాటిని అందుకునే నేల మీది రాడార్లు ఎంత ముఖ్యమో ఆ ప్రమాదం చెప్పింది. ఆ తర్వాతే, ఎదురొచ్చే విమానం గురించి పైలట్‌ను హెచ్చరించే పరికరాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు.

మన ఇంటి దగ్గరి సంగతి కూడా ఉంది. 2009 సెప్టెంబర్ 2 ఉదయం హైదరాబాద్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డితో సహా అందులోని ఐదుగురూ మరణించారు. అడవంతా గాలించగా మర్నాడు ఉదయానికి గానీ శిథిలాలు కనపడలేదు. కర్నూలు, కడప జిల్లాల్లో ఆ రాత్రి నిద్రపోని ఇళ్లు ఎన్నో. ఆ ప్రమాదానికి ఫ్లైట్ ప్లాన్ కారణమని కాదు, అలా ఎవరూ అనలేదు కూడా. కానీ ఫ్లైట్ ప్లాన్‌లో పంతొమ్మిదో గడి ఎందుకుందో అలాంటి రోజున అర్థమవుతుంది. ఎన్ని గంటలకు సరిపడా ఇంధనం ఉంది, లోపల ఎంతమంది ఉన్నారు, ప్రమాద సంకేతం పంపే రేడియో ఉందా, విమానం రంగేమిటి అన్నవి అందులో ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ గడిని ఎవరికీ పంపరు, ప్లాన్ ఇచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది. వెతకాల్సిన రోజు వస్తే మాత్రం మొదట అడిగేది అదే. ఎవరు చూస్తార్లే అని రంగు తప్పు రాస్తే, అడవిలో వెతికేవాళ్లు వేరే రంగు కోసం వెతుకుతారు.

మూడు షరతులు

పదో గడిలో ఒక అక్షరం రాయాలంటే ఐకావో పెట్టిన షరతులు మూడు. ఒకటి, ఆ పరికరం విమానంలో ఉండాలి, అదీ పనిచేసే స్థితిలో. రెండు, దాన్ని వాడే అర్హత సిబ్బందికి ఉండాలి. మూడు, అనుమతి అవసరమైన చోట సంబంధిత అధికారుల నుంచి అది పొంది ఉండాలి. పరికరం ఉన్నా చెడిపోయి ఉంటే రాయకూడదు. బాగున్నా పైలట్‌కు శిక్షణ లేకపోతే రాయకూడదు. ఇంకో మాట. ఆర్ అని రాస్తే సరిపోదు, ఏ రకం అనుమతో పద్దెనిమిదో గడిలో వివరంగా రాయాలి. పైన చెప్పిన గొప్పకు కింద సాక్ష్యం ఉండాలన్నమాట.

ఇప్పుడు మీ రెజ్యూమె తీయండి. జావా, పైథాన్, ఆటోక్యాడ్, డేటా అనలిటిక్స్, లీడర్‌షిప్, ఫ్లూయెంట్ ఇంగ్లిష్ అని ఉంటాయి. పక్కవాడి రెజ్యూమెలోనూ అవే, అదే వరసలో. ఒక్కో మాటకూ ఆ మూడు షరతులు పెట్టి చూడండి. నేర్చుకున్నది ఇప్పటికీ పనిచేస్తోందా, లేక రెండో ఏడాది ల్యాబ్‌తోనే మర్చిపోయామా? ఎదురుగా కంప్యూటర్ పెట్టి చేయమంటే చేయగలమా? చేశామని చూపించడానికి ఒక ప్రాజెక్టు, ఒక సర్టిఫికెట్, చిన్న పనైనా ఉందా?

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి అంటారు మన పెద్దలు. రెజ్యూమెలో అది ఐదు నిమిషాలు కూడా అతకదు. ఒక్క ప్రశ్నతో ఊడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఒక మాట అబద్ధమని తేలాక, మీరు నిజంగా కష్టపడి నేర్చుకున్న మిగతా నాలుగింటినీ ఎదుటివాళ్లు నమ్మరు. ఆరు అబద్ధాలున్న కాగితం కంటే మూడు నిజాలున్న కాగితం బలమైనది. పల్లె నుంచి వచ్చాం, పెద్ద కాలేజీ పేరు లేదు, కాస్త పెంచి రాసుకోకపోతే ఎవరు పిలుస్తారు అనే బాధ మాకు తెలియనిది కాదు. కానీ పెద్ద పేరు వెనక లేనివాళ్లకు ఉండే ఒకే ఒక్క ఆస్తి నమ్మకం. దాన్ని మొదటి ఇంటర్వ్యూలోనే పోగొట్టుకోకండి.

దారులు ఎక్కడున్నాయి?

ఈ కోడ్‌లతో రోజూ పనిచేసే ఉద్యోగాల్లో ముఖ్యమైనది ఏఏఐలో జూనియర్ ఎగ్జిక్యూటివ్, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు, లేదా ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండూ చదివిన బీఈ, బీటెక్ వాళ్లు అర్హులు. వయసు 27 లోపు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపులున్నాయి. పరీక్షలో సగం మార్కులు మ్యాథ్స్, ఫిజిక్స్‌వే. ఆ తర్వాత వాయిస్ టెస్ట్, మానసిక పరీక్ష, వైద్య పరీక్ష వంటివి ఉంటాయి. మొదటి పే స్కేల్ 40,000 నుంచి 1,40,000. ఎంపికైనవాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. అంటే రాయలసీమ వర్సిటీలోనో, యోగి వేమన వర్సిటీలోనో బీఎస్సీ చదివిన విద్యార్థి కూడా పోటీ పడొచ్చు.

అయితే లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2023 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి 496 పోస్టులు, 2025లో 309. రాసేవాళ్లు చాలా ఎక్కువ. ఇదొక్కటే నమ్ముకుని మూడేళ్లు గదిలో కూర్చోమని మేం చెప్పం. విమానయాన సంస్థల్లో ఫ్లైట్ డిస్పాచర్లు ఉంటారు. ప్లాన్ తయారుచేసేది, వాతావరణం, ఇంధనం లెక్క చూసేది వాళ్లే. దానికి డీజీసీఏ ఆమోదం కావాలి. ఇంటర్ ఎంపీసీ తర్వాత విమాన నిర్వహణ ఇంజినీరింగ్ వైపు వెళ్లే దారీ ఉంది. పదో గడిలో రాసిన పరికరం నిజంగా పనిచేస్తోందని సంతకం పెట్టేది వాళ్లే.

ఈ దారిలో ఒక గుంట కూడా ఉంది. ఎయిర్‌పోర్ట్ ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షలు అడిగే కోర్సుల బోర్డులు మన ఊళ్లలోనూ కనపడతాయి. ఏఏఐ కంట్రోలర్ ఉద్యోగానికి ఏ ప్రైవేటు ఏవియేషన్ డిప్లొమా అవసరం లేదు. నోటిఫికేషన్ ఏఏఐ వెబ్‌సైట్‌లోనే వస్తుంది, దరఖాస్తూ అక్కడే. మధ్యలో ఏజెంటుకు పనేం లేదు. నాన్న వేరుశనగ అమ్మి తెచ్చిన డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి: ఈ సర్టిఫికెట్ లేకపోతే ఈ ఉద్యోగానికి అప్లై చేయలేమా? ఏ నోటిఫికేషన్‌లో అలా రాసుందో చూపించండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

ఇంగ్లిష్ అంటే భయపడేవాళ్లకు ఒక మంచి మాట. రేడియోలో మాట్లాడే ఇంగ్లిష్ సాహిత్యం కాదు. నిర్ణయించిన పదాలు, నిర్ణయించిన వరస. బీ, డీ, పీ, టీ వినడానికి ఒకేలా ఉంటాయని అక్షరాలను కూడా బ్రావో, డెల్టా, పాపా, టాంగో అని పలుకుతారు. దీంతో పాటు మామూలు సంభాషణ అర్థం చేసుకుని, స్పష్టంగా బదులివ్వగలగాలి. ఐకావో కొలమానంలో నాలుగో స్థాయి వస్తే చాలు. తెలుగు మీడియంలో చదివినా, రోజూ అరగంట గట్టిగా చదివితే అందుకోగల మెట్టే ఇది.

ఈ వారానికి రెండు పనులు చేయండి. మొదటిది, ఏఏఐ ఉచితంగా పెట్టిన ఏఐపీ ఇండియా తెరిచి ఫ్లైట్ ప్లాన్ అధ్యాయం చదవండి. డాక్ 8643లో మీకు తెలిసిన ఐదు విమానాల కోడ్‌లు వెతకండి. నచ్చకపోతే, ఈ పని మనది కాదని రూపాయి ఖర్చు లేకుండానే తెలుస్తుంది. నచ్చితే, కోచింగ్‌లో చేరకముందే సగం దారి నడిచినట్టు.

రెండోది, పెన్సిల్ పట్టుకుని మీ రెజ్యూమె స్కిల్స్‌లో నిలబడని మాటలు కొట్టేయండి. మిగిలినవి తక్కువే ఉండొచ్చు, కంగారు పడొద్దు. వచ్చే ఆరు నెలల్లో ఏం నేర్చుకోవాలో కొట్టేసిన ఆ మాటలే చెబుతాయి. నేర్చుకున్నాక మళ్లీ రాసుకోండి. అప్పుడు ఎవరడిగినా తడుముకోవాల్సిన పనుండదు.